సంక్లిష్టత అనే సాకు

రోజూ వాడే వస్తువులు వాటి యజమానులకే ఏటికేడు అంతుబట్టకుండా పోతున్నాయి. పాడైనప్పుడు విప్పి చూసే వీలు తగ్గుతోంది. విప్పినా లోపల ఏది ఏమిటో చెప్పే కాగితం దొరకదు. ఏ భాగం పోయిందో కనిపెట్టినా అది బజారులో ఉండదు. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. పేచీ అంతా దీనికి చెప్పే కారణం దగ్గర వస్తుంది. సాంకేతికత పెరిగేకొద్దీ వస్తువు సంక్లిష్టమవుతుందని, సంక్లిష్టమైనది మామూలు మనిషి చేతికి అందదని, సదుపాయం కావాలంటే ఆ నష్టం భరించక తప్పదని అమ్మేవాళ్లు చెబుతారు. కొనుగోళ్లు చూసే అధికారులు తలూపుతారు. చదువుకున్నవాళ్లు కూడా అదే నిజమనుకుంటారు. వస్తువు అర్థం కాకుండా పోవడం ఎవరి ప్రమేయమూ లేకుండా దానంతటది జరిగిపోయిన పరిణామమన్నది ఈ వాదం సారాంశం.

ఆ వాదం నిలవదు. ఒక వస్తువు యజమానికి అర్థమవుతుందా లేదా అన్నది దానిలో ఎన్ని భాగాలున్నాయన్న లెక్కతో తేలేది కాదు. దాని డ్రాయింగులు ఎవరి దగ్గర ఉన్నాయి, విడిభాగాలు ఎవరు అమ్ముతారు, మూతను మరతో బిగించారా జిగురుతో అంటించారా అన్న నిర్ణయాలతో తేలుతుంది. అవి మనుషులు తీసుకునే నిర్ణయాలు. తీసుకున్నవాళ్లకు వాటివల్ల లాభముంది. ఆ లాభం సంగతి ఎత్తకుండా నెపాన్ని సంక్లిష్టత మీదికి నెట్టేయడం జనాన్ని మభ్యపెట్టడమే.

ఈ మాటను పరీక్షించి చూడటానికి తిరుపతి, చిత్తూరు జిల్లాలు తగిన చోటు. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో 2015 నుంచి ఫాక్స్‌కాన్ ఫోన్లు బిగిస్తోంది. భారత్‌లో తయారైన తన మొదటి ఫోనును షావోమీ ఆ ఏడాది ఆగస్టులో అక్కడి నుంచే తెచ్చింది. అదే శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారవుతున్నాయి. తిరుపతి పరిసరాల్లో డిక్సన్ సంస్థ టీవీలు చేస్తోంది. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల సంస్థ కరకంబాడిలో పుట్టిందే. ఇంత సరుకు పుట్టే చోట కూడా, శ్రీసిటీలో బిగించిన ఫోను అదే జిల్లాలోని శ్రీకాళహస్తిలో పాడైతే దాని బోర్డు సర్క్యూట్ చిత్రం అక్కడి మెకానిక్‌కు కంపెనీ నుంచి అందదు. ఫోను బిగించే యువతులకూ అందదు. లైనులో ఎవరి ముందుకు వచ్చిన పని వాళ్లు చేసి ముందుకు పంపుతారు. ఫ్యాక్టరీ ఊరి పక్కకు వస్తే పరిజ్ఞానం కూడా ఊళ్లోకి వస్తుందని చాలామంది ఆశించారు. ఫ్యాక్టరీకి స్థలం, నీరు, కరెంటు ఇస్తే ఉద్యోగాలు వస్తాయి. డ్రాయింగులు మాత్రం అడిగితేనే వస్తాయి.

అడిగినవాళ్ల సంగతి తిరుపతిలోనే ఉంది. సంక్లిష్టత వాదాన్ని పడగొట్టడానికి అక్కడి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపు ఒక్కటి చాలు. ఈ వర్క్‌షాపులో ప్రయాణికుల పెట్టెలకు నిర్ణీత కాలానికొకసారి పూర్తి మరమ్మతు జరుగుతుంది. పెట్టెను పైకెత్తి కింది చక్రాల చట్రాలను, అంటే బోగీలను, వేరుచేస్తారు. చక్రాలు, బేరింగులు, స్ప్రింగులు, బ్రేకు సామాను విప్పి, కడిగి, కొలిచి, అరిగినవి తీసేసి కొత్తవి వేసి మళ్లీ బిగిస్తారు. మన రైళ్లలో దశాబ్దాలపాటు నడిచినవి ఐసీఎఫ్ పెట్టెలు. స్విస్ డిజైనుతో 1955లో పెరంబూరులో తయారీ మొదలైన రకం అది. వాటి స్థానంలోకి 2000 నుంచి జర్మన్ డిజైను ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వస్తున్నాయి. ఇవి పాతవాటికన్నా జటిలమైనవి. ఫియట్ రకం బోగీలు, డిస్క్ బ్రేకులు, బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టా మీద జారిపోకుండా గాలి ఒత్తిడిని సర్దే మైక్రోప్రాసెసర్, ఇవన్నీ వాటితోపాటు వచ్చాయి. సంక్లిష్టత పెరిగితే మరమ్మతు చేజారిపోతుందన్నది నిజమైతే, ఈ పెట్టెలు పట్టాల మీదికి రాగానే రైల్వే వర్క్‌షాపులకు పని లేకుండా పోవాలి. అలా జరగలేదు. ఎందుకు జరగలేదో 1990లలో రాసుకున్న ఒప్పందం చెబుతుంది. రైల్వే ఆ పెట్టెలను కొనడంతో ఊరుకోలేదు, వాటిని తయారుచేసే పరిజ్ఞానాన్ని బదిలీ చేయాలన్న షరతు మీద కొంది. డ్రాయింగులు వచ్చాయి, కపుర్తలాలో తయారీ మొదలైంది, గ్వాలియర్‌లోని క్యామ్‌టెక్ నిర్వహణ పుస్తకాలు అచ్చువేసింది. ఏ భాగం ఎంత అరిగితే మార్చాలో, దేన్ని ఏ వరుసలో విప్పాలో కాగితం మీద ఉంది. ఐటీఐ చదివి చేరిన ఫిట్టరు ఆ కాగితం చూసి పని చేస్తాడు. అతనికి మైక్రోప్రాసెసర్ లోపలి గుట్టు తెలియనక్కర్లేదు. ఏ కార్డు ఏ పని చేస్తుందో, చెడిపోయినప్పుడు ఏ కోడు చూపిస్తుందో తెలిస్తే సరిపోతుంది.

ఆ కాగితం లేకపోతే రైల్వేలాంటి సంస్థ కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. పోలండ్‌లో న్యూవాగ్ సంస్థ తయారుచేసిన రైళ్లు వేరే వర్క్‌షాపులో మరమ్మతు పూర్తయ్యాక కదలడం మానేశాయి. సాఫ్ట్‌వేర్ నిపుణుల బృందం ఒకటి వాటి కోడును తవ్వి చూసి, పోటీ వర్క్‌షాపులున్న చోట్ల అక్షాంశ రేఖాంశాలు అందులో రాసి ఉన్నాయని, రైలు అక్కడ కొన్నాళ్లు నిలిస్తే తాళం పడేలా ఏర్పాటు ఉందని 2023 డిసెంబరులో బయటపెట్టింది. న్యూవాగ్ ఆ ఆరోపణను ఖండించింది. ఆ రైళ్లలో ఇంజను పాడవలేదు, బ్రేకులు పాడవలేదు. సంక్లిష్టతతో నిమిత్తం లేకుండా మరమ్మతును ఎలా అడ్డుకోవచ్చో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదంతం దొరకదు.

పాకాల దగ్గరి గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడారు ఇంకో సాక్ష్యం. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఆ ఎంఎస్‌టీ రాడారులో 1024 యాగీ యాంటెనాలున్నాయి. దేశంలోనే రూపొందించినది కావడంతో దాని డిజైను ఇక్కడివాళ్ల చేతుల్లో ఉంది. పాత ట్రాన్స్‌మిటర్లు తీసేసి యాంటెనాకొకటి చొప్పున కొత్త మాడ్యూళ్లు పెట్టి ఆ రాడారును పునరుద్ధరించుకోగలిగారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఏ ఇంట్లోనూ అంతటి జటిలమైన యంత్రం ఉండదు. అయినా దాన్ని వాడేవాళ్లకు అది తెలుసు. ఇంట్లో తిరిగే ఫ్యాను మాత్రం వాడేవాళ్లకు తెలియకుండా పోతోంది.

ఇళ్లలోకి వస్తే కరెంటు మీటరు చెప్పే సంగతి మరింత నేరుగా ఉంటుంది. పాత మీటరులో అల్యూమినియం చక్రం తిరిగేది. యూనిట్‌కు ఎన్ని చుట్లో మీటరు మీదే రాసి ఉండేది. 600 చుట్ల మీటరైతే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు నిమిషానికి పది చుట్లు తిరుగుతుంది. లెక్క తప్పితే మీటరులోనో వైరింగులోనో తేడా ఉన్నట్టు. బడి చదువు చదివిన ఎవరైనా గోడ దగ్గర నిలబడి ఈ పరీక్ష చేసుకోవచ్చు. తర్వాత ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాయి, ఇప్పుడు స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. లోపలి యంత్రాంగం పూర్తిగా మారిపోయింది, చక్రం మాయమైంది. పరీక్ష మాత్రం మిగిలింది. మీటరు మీద చిన్న ఎర్రదీపం మిణుకుమంటుంది, యూనిట్‌కు ఎన్ని మిణుకులో పక్కనే అచ్చువేసి ఉంటుంది. 3200 అని ఉంటే అదే ఇస్త్రీపెట్టెకు నిమిషానికి సుమారు 53 మిణుకులు రావాలి. ఈ దీపం తయారీదారుల దయవల్ల రాలేదు. మీటరును పరీక్షించే వీలుండాలని భారతీయ ప్రమాణాలు కోరాయి కాబట్టి వచ్చింది. తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వినియోగదారుల్లో ఈ మిణుకుల సంగతి తెలిసినవాళ్లు తక్కువే, ఎందుకంటే ఎవరూ చెప్పరు. చెప్పకపోవడం వేరే లోపం. వస్తువులో ఆ వీలు చెక్కుచెదరకుండా ఉంది.

తిరుపతిలోనే వ్యతిరేక ఉదాహరణ కూడా ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద, తిరుపతి నుంచి చుట్టుపక్కల పట్టణాలకు 2022 సెప్టెంబరు నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. పొగ లేని బస్సులు, కొండకు మేలు చేసే బస్సులు. అవి రావడం మంచిదే. అయితే డీజిలు బస్సుల విషయంలో దశాబ్దాలుగా ఉన్న ఏర్పాటు వీటికి లేదు. ఆర్టీసీ తన బస్సులను తన గ్యారేజీల్లో తన మెకానిక్‌లతో బాగుచేయించుకునేది. ఇంజను దించడం, గేర్‌బాక్సు విప్పడం, అరిగిన టైరుకు కొత్త తొడుగు వేయడం, అన్నీ సంస్థలోపలే జరిగేవి. ఎలక్ట్రిక్ బస్సులను ఆర్టీసీ కొనలేదు. ఒక ప్రైవేటు కంపెనీ సొంత బస్సులను సొంత డ్రైవర్లతో నడుపుతుంది, నిర్వహణ కూడా కంపెనీదే. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. ఒప్పందం పన్నెండేళ్లు. కేంద్రం ఫేమ్-2 పథకం కింద ఇచ్చిన రాయితీ కూడా ఇలాంటి అద్దె పద్ధతికే ముడిపడి ఉంది. బస్సు ఖరీదు ఒక్కసారిగా మీదపడకుండా చేసుకోవాలన్న అవసరాన్ని తప్పుపట్టలేం. కానీ పన్నెండేళ్లు గడిచేసరికి ఆర్టీసీ గ్యారేజీలో ఎలక్ట్రిక్ బస్సు మోటారును, బ్యాటరీని, ఇన్వర్టరును చేత్తో పట్టుకుని నేర్చుకున్న మనుషులు ఎంతమంది ఉంటారు? కొత్త ఒప్పందానికి కూర్చున్నప్పుడు ఎదుటివాడు చెప్పిన ధర ఎక్కువో తక్కువో తేల్చగలిగేది ఎవరు? ఎల్‌హెచ్‌బీ పెట్టె కన్నా ఎలక్ట్రిక్ బస్సు అంతుబట్టనిదేమీ కాదు. డీజిలు ఇంజనుతో పోలిస్తే దానిలో కదిలే భాగాలు తక్కువ. ఒకే ఊళ్లో రెండు ప్రభుత్వ రవాణా సంస్థలు ఉన్నాయి. ఒకటి యంత్రంతోపాటు తెలివిడిని కొంది. రెండోదాని చేత సేవను మాత్రమే కొనిపించారు. తేడా యంత్రంలో లేదు, కొన్న పద్ధతిలో ఉంది.

సంక్లిష్టత వాదం ఇక్కడ ఓడిపోయాక రెండో వాదం ముందుకొస్తుంది. యజమానికి అసలు తెలుసుకోవాలనే లేదట. మీట నొక్కితే పనిచేయాలి, అంతకు మించి అతనికి అక్కర్లేదట. నగరంలో అపార్టుమెంటులో కూర్చుని ఈ మాట అనవచ్చు. బోరు కింద వ్యవసాయం చేసే రైతును చూసినవాళ్లు అనలేరు. చిత్తూరు జిల్లాలో సేద్యం, పాడి చాలావరకు భూగర్భజలం మీద నిలబడ్డాయి. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ వింత కాదు. మోటారు ఎక్కడో నేల అడుగున నీళ్లలో ఉంటుంది, కంటికి కనిపించదు. దాని ఆరోగ్యం రైతుకు తెలిసేది షెడ్డులోని ప్యానెల్ బోర్డు ద్వారానే. మూడు ఫేజులకు మూడు దీపాలు వెలుగుతున్నాయా, వోల్టేజీ ఎంతుంది, ఆంపియర్ల ముల్లు ఎక్కడ నిలిచింది అన్నవి చూసి అతను లోపలి సంగతి చెబుతాడు. ఆంపియర్లు మామూలు కన్నా పడిపోతే నీటిమట్టం దిగి పంపు గాలి పీలుస్తోందని అర్థం. పెరిగితే బుష్‌లు పట్టేసుండాలి, లేదా వోల్టేజీ తగ్గి ఉండాలి. ఒక ఫేజు పోయినా మోటారు గుర్రుమంటూ తిరుగుతుంటే వైండింగు కాలుతుందని తెలుసు కాబట్టే స్టార్టరు పక్కన సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించుకుంటాడు. ఇదంతా అతను పుస్తకంలో చదవలేదు. వస్తువు తన స్థితిని బయటికి చూపేలా ఉంది, దాన్ని చదవడం బతుకుతెరువుతో ముడిపడి ఉంది, అందుకే నేర్చుకున్నాడు. తెలుసుకోవాలన్న కోరిక మనుషుల్లో చచ్చిపోలేదు. తెలుసుకునే దారి ఉన్నచోట అది కనిపిస్తుంది, మూసేసిన చోట కనిపించదు.

మోటారు కాలినప్పుడు జరిగేది కూడా చెప్పుకోదగినది. పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, మోటారును మండల కేంద్రంలోని రివైండింగ్ షాపుకు చేరుస్తారు. అక్కడి పనివాడు స్టేటరులోని కాలిన తీగ కోసి తీసి, చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి కొలిచి, అదే గేజి రాగితీగ మళ్లీ చుడతాడు. నీళ్లు నింపే మోటారైతే ప్లాస్టిక్ తొడుగున్న తీగ వాడతాడు. బుష్‌లు, థ్రస్ట్ బేరింగు, సీళ్లు మారుస్తాడు, మెగ్గరుతో ఇన్సులేషను పరీక్షించి పంపుతాడు. ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఎండుతున్న పైరు, దాహంతో ఉన్న పశువులు ఉన్న ఇంటికి ఈ షాపు ఎంత దగ్గరుంటే అంత మేలు. మోటారు నామఫలకం మీద హార్స్‌పవరు, వోల్టులు, ఆంపియర్లు, వేగం విధిగా రాసి ఉండటం, బోరు కొలతలకు తగ్గట్టు మోటార్ల సైజులు స్థిరపడి ఉండటం వల్ల ఇది సాధ్యమైంది.

ఇప్పుడు ఈ ఏర్పాటు మారుతోంది. సౌర పంపుసెట్టులో ప్యానెళ్లకు, మోటారుకు మధ్య ఒక కంట్రోలరు ఉంటుంది. ఎండ తీవ్రతను బట్టి మోటారు వేగాన్ని సర్దే పని దానిది. చాలా మంచి పని. కానీ చాలా రకాల్లో దాని బోర్డు మీద రెజిను పోసి గట్టిపరుస్తారు, సెట్టింగులకు పాస్‌వర్డు ఉంటుంది, తెర మీద కనిపించే తప్పు కోడుకు అర్థం రైతుకిచ్చే కాగితాల్లో దొరకడం అరుదు. 2019లో వచ్చిన పీఎం-కుసుమ్ పథకం ప్రకారం సరఫరాదారు ఐదేళ్లు నిర్వహణ చూడాలి. సౌర ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. ఐదో ఏడు దాటాక కంట్రోలరు ఆగిపోతే పాతికేళ్ల ప్యానెళ్లు ఎండలో ఊరకే పడి ఉండాల్సి వస్తుంది. రెజిను తేమ నుంచి కాపాడుతుందన్నది వాస్తవమే. పాస్‌వర్డు దేన్ని కాపాడుతుందో రైతుకు ఎవరూ చెప్పలేదు.

మూడో వాదం భద్రత. మూసి ఉంచడం వినియోగదారుడి క్షేమం కోసమేనని చెబుతారు. ఇందులో కొంత నిజముంది, దాన్ని దాటవేయకూడదు. ఒకప్పటి లెడ్ బ్యాటరీలో ఆరు మూతలు తీసి డిస్టిల్డ్ వాటరు పోసేవాళ్లు, హైడ్రోమీటరుతో ఆమ్లం సాంద్రత చూసేవాళ్లు, చిన్న షాపుల్లో పలకలు మార్చేవాళ్లు. ఆ పనిలో సీసం ఒంట్లోకి వెళ్లేది, ఆమ్లం నేలలోకి వెళ్లేది. అమరరాజా 2000లో అమరాన్ పేరుతో నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీ తెచ్చినప్పుడు ఈ బెడద చాలావరకు తప్పింది. అలా మూసేయడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ బ్యాటరీలో మూసినది ఏమిటి, తెరిచి ఉంచినది ఏమిటి? లోపలి పలకలు, ఆమ్లం మూసేశారు. పైన రెండు ధ్రువాలు బయటే ఉన్నాయి. పన్నెండు వోల్టులు ఉన్నాయో లేదో చిన్న మీటరుతో చూడవచ్చు. స్పానరుతో రెండు నట్లు వదులు చేస్తే బ్యాటరీ చేతికొస్తుంది. దాని చోట అదే సైజున్న ఏ కంపెనీ బ్యాటరీ అయినా కూర్చుంటుంది, ట్రాక్టరు అభ్యంతరం చెప్పదు. పాతది తిరిగిచ్చి కొత్తదాని ధరలో తగ్గింపు అడగవచ్చు, సీసం కరిగించడానికి వెనక్కి పోతుంది. యజమాని ప్రతి వస్తువు కడుపులోని గుట్టు తెలుసుకోవాలని ఎవరూ కోరడం లేదు. ఎక్కడ కొలవాలి, ఎక్కడ విడదీయాలి, బదులు ఏది పెట్టాలి అన్న గీత దగ్గర అతని అధికారం ఉండాలి. కరకంబాడి బ్యాటరీ ఆ గీతను గౌరవించింది. ఫోను బ్యాటరీ గౌరవించడం లేదు.

ఫోను బ్యాటరీల చరిత్ర భద్రత వాదాన్ని తలకిందులు చేస్తుంది. ఒకప్పుడు పల్లెటూరి సెల్ షాపుల్లో కూడా దొరికిన నోకియా బీఎల్-5సీ బ్యాటరీల్లో ఒక తయారీదారు చేసినవి వేడెక్కుతున్నాయని 2007 ఆగస్టులో ఆ సంస్థ ప్రకటించింది. లెక్కకు వచ్చినవి 4.6 కోట్లు. జనం వెనక మూత గోటితో తీసి, బ్యాటరీ మీది నంబరు చూసి, అనుమానమున్నది ఇచ్చి కొత్తది తెచ్చుకున్నారు. ఫోను ఎక్కడికీ పోలేదు. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు మంటలంటుకున్నప్పుడు, బ్యాటరీ లోపల అంటించి ఉండటంతో ఫోన్లనే లక్షలకొద్దీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. చివరికి ఆ మోడలే ఆపేశారు. ప్రమాదం వచ్చిన రోజున విడదీయగలిగే బ్యాటరీయే క్షేమంగా తేలింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021 మేలో విడుదల చేసిన నివేదికలో మరమ్మతు ఆంక్షలను సమర్థిస్తూ తయారీదారులు చెప్పే కారణాలకు ఆధారాలు బహుస్వల్పమని రాసింది. ఆ కారణాల్లో భద్రత కూడా ఒకటి.

బాగుచేయించడం కన్నా కొత్తది కొనడమే చవక అన్నది నాలుగో మాట. ఇది పరిశీలనలా వినిపిస్తుంది, నిజానికి ఫలితాన్ని కారణంగా చూపడం. సీలింగ్ ఫ్యాను తీసుకుంటే, పాత రకంలో తరచుగా పోయేది 2.5 మైక్రోఫారడ్ కెపాసిటరు. వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో పదుల రూపాయలకు దొరుకుతుంది, చాలా కంపెనీల ఫ్యాన్లకు సరిపోతుంది, మెయిను ఆపి ఇంట్లోవాళ్లే మార్చుకుంటారు. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను 75 వాట్ల పనిని 30 వాట్లకు అటూఇటూగా చేస్తుంది. అలాంటి ఫ్యాను అందరిళ్లలోనూ ఉండాలి. కానీ దానిలోని బోర్డు ఏ కంపెనీది ఆ కంపెనీకే సరిపోతుంది. రిమోటు కూడా అంతే. బోర్డు మీద చిన్న భాగం ఒకటి కాలినా బోర్డంతా మార్చాలి, ఆ మోడలు ఆగిపోతే బోర్డు దొరకదు, అప్పుడు ఫ్యాను దింపి పాత సామాను బండికి వేయాలి. కరెంటు ఆదా కోసం కొన్నది ఇలా చెత్తలో చేరితే, ఆదా లెక్కలో రాగి, అయస్కాంతం, అల్యూమినియం మళ్లీ కొత్తగా తయారుచేసిన ఖర్చు ఎవరూ కలపరు. నాలుగైదు రకాల బోర్డులకు ఒక ప్రమాణం ఉండి ఉంటే కెపాసిటరు లాగే అవీ షాపులో వేలాడేవి, బాగుచేయించడమే చవకయ్యేది. విడిభాగం అమ్మనివాడే విడిభాగం ఖరీదని చెప్పడంలో న్యాయం లేదు.

చివరి వాదం అన్నిటికన్నా బాధ కలిగించేది. చిన్న ఊళ్ల మెకానిక్‌లకు అంత చదువు లేదని, వాళ్ల చేతిలో పెడితే వస్తువు పాడవుతుందని చెబుతారు. కార్ల కంపెనీలు కాంపిటీషన్ కమిషన్ ముందు ఈ మాటే చెప్పాయి. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు తమ అధీకృత డీలర్లకు తప్ప బయటివాళ్లకు ఇవ్వకపోవడాన్ని సమర్థించుకుంటూ మేధోహక్కులను, బయటి మెకానిక్‌ల నైపుణ్య లోపాన్ని చూపాయి. కమిషన్ ఒప్పుకోలేదు. 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు మొత్తం రూ. 2,544 కోట్ల జరిమానా వేసింది. జరిమానా మీద తర్వాత వ్యాజ్యాలు నడిచాయి. అయినా విడిభాగాన్ని, సమాచారాన్ని బిగబట్టడం మార్కెట్టు మీద పెత్తనమేనని ఈ దేశపు సంస్థ ఒకటి విచారించి తేల్చిన మాట అలాగే ఉంది.

నైపుణ్యం సంగతికొస్తే, తిరుపతిలోనో చిత్తూరులోనో ఫోను బోర్డు బాగుచేసే బల్ల దగ్గరికి వెళ్లి చూడాలి. మైక్రోస్కోపు కింద బోర్డు, పక్కన వేడిగాలి తుపాకి, డీసీ సప్లై, మల్టీమీటరు ఉంటాయి. కరెంటు ఎంత లాగుతోందో చూసి షార్టు ఏ లైనులో ఉందో పసిగడతారు, గోరంత చిప్పును ఊడదీసి కింద సీసపు చుక్కలు కొత్తగా పేర్చి అతికిస్తారు. కంపెనీ ఇవ్వని బోర్డు చిత్రాలను చైనా నుంచి వచ్చే చందా సాఫ్ట్‌వేర్లలో కొనుక్కుంటారు. పదో తరగతో, ఐటీఐయో చదివినవాళ్లు ఇంగ్లీషు, చైనా అక్షరాలున్న ఆ చిత్రాలను చదవడం నేర్చుకున్నారు. చదువు లేనిది వీళ్లకా? ఒకప్పుడు చాలా రేడియోల, టీవీల వెంటే సర్క్యూట్ చిత్రం వచ్చేది, మూత లోపలి వైపు అంటించి కూడా ఉండేది. అప్పుడు నేర్చుకున్న తరం టీవీ షాపులు నడిపింది. ఇప్పటి తరం అదే పనిని దొంగచాటు కాగితాలతో చేయాల్సి రావడం వాళ్ల తప్పు కాదు. సర్క్యూట్ చిత్రం బయటపెడితే రహస్యాలు పోతాయన్న భయానికీ ఆధారం లేదు. చిప్పు లోపలి డిజైను చిప్పులోనే ఉంటుంది. ఏ కాలు దేనికి కలిసిందో చెప్పినంత మాత్రాన దాన్ని ఎవరూ నకలు తీయలేరు. తీయగల పోటీ కంపెనీ ఒక ఫోను కొనుక్కుని ఎలాగూ విప్పి చూస్తుంది. దాపరికం వల్ల నష్టపోయేది మెకానిక్, అతని దగ్గరికి వచ్చే మనిషి.

విడిభాగాన్ని ఫోనుతో జంట కట్టే పద్ధతి ఈ దాపరికం కన్నా కొత్తది, మరింత హానికరమైనది. తెరకో బ్యాటరీకో ఒక క్రమసంఖ్య ఉంటుంది, ఫోను దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అదే కంపెనీ అసలు భాగాన్ని ఇంకో ఫోను నుంచి తీసి పెట్టినా గుర్తుతెలియని భాగమని హెచ్చరిస్తుంది, కొన్ని సదుపాయాలు ఆపేస్తుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో చట్టం చేసి ఈ పద్ధతిని కట్టడి చేసింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకు, ఆ మోడలు అమ్మకం ఆగాక ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకోగలిగేలా ఉండాలన్న నిబంధన అక్కడ వస్తోంది. ఆ చట్టాల కోసం ఫోన్ల సంక్లిష్టతను ఎవరూ తగ్గించమనలేదు. కంపెనీలు అక్కడ వ్యాపారం మానేయడమూ లేదు.

భారత్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు గుర్తించింది. అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను శాఖ ప్రారంభించింది. తర్వాత భరత్ ఖేరా అధ్యక్షతన వేసిన కమిటీ 2025 మేలో మరమ్మతు సూచీ మీద నివేదిక ఇచ్చింది. విప్పడం ఎంత తేలిక, మరమ్మతు సమాచారం ఇస్తున్నారా, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, ఏ పనిముట్లు కావాలి, ఏ రకం మరలు వాడారు, సాఫ్ట్‌వేర్ నవీకరణ ఎన్నేళ్లు అన్నవాటికి మార్కులు వేసి కొనేవాళ్లకు చూపాలన్నది దాని సారం. మొదట స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు అన్నారు, మార్కులు కంపెనీలే తమకు తాము వేసుకుని ప్రకటించాలన్నారు. విడిభాగం ఇవ్వనివాళ్లకు మార్కు తగ్గుతుంది, ఇచ్చి తీరాలన్న బాధ్యత దానివల్ల రాదు.

నాలుగు రంగాల జాబితాలో మొదటి పేరు వ్యవసాయ పరికరాలది. సూచీలో వాటి వంతు ఇంకా రాలేదు. సౌర పంపు కంట్రోలరుకు, స్టార్టరుకు, మోటారుకు ఆ వంతు వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు, ఎందుకంటే కుసుమ్ పంపుసెట్ల ఖర్చులో పెద్ద భాగం ప్రజాధనం నుంచే వెళుతుంది, టెండరు రాసేది ప్రభుత్వ సంస్థలే. కంట్రోలరు సర్క్యూట్ చిత్రం, తప్పు కోడుల తెలుగు పట్టిక, సెట్టింగుల పాస్‌వర్డు పంపుతోపాటే రైతు చేతికి ఇవ్వాలని, ఐదేళ్ల తర్వాత కనీసం పదేళ్లు బోర్డులు విడిగా అమ్మాలని, వాటి ధర ముందే ప్రకటించాలని ఆ టెండరులో రాయవచ్చు. ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సుల తర్వాతి ఒప్పందంలో డిపో మెకానిక్‌లకు శిక్షణ, డ్రాయింగులు, లోపాలు చూపే పరికరం ఇవ్వాలన్న షరతు కూడా అలాగే చేర్చవచ్చు. ఎల్‌హెచ్‌బీ పెట్టెలు కొన్నప్పుడు రైల్వే కోరినది ఇదే తరహా షరతు.